యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో ల్యాబ్‌లో తేల్చుకోవడం ఎలా

పీ15 అంటే కణం అదుపు తప్పి పెరగకుండా ఆపే జీన్, 2008లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాల్లో చూస్తే దాని డీఎన్‌ఏలో ఎదురు పోగు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ, అంటే యాంటీసెన్స్, ఎక్కువున్న చోట పీ15 తగ్గి ఉంది. మీ కణాల్లో చూడాలంటే ఆర్‌ఎన్‌ఏ తీసి డీఎన్ఏస్ (మిగిలిన డీఎన్‌ఏని తినేసే ఎంజైమ్) వేయండి, తర్వాత ఆర్‌టీ స్టెప్‌లో (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ కాపీ తీసే దశ) ఒక్క ప్రైమరే (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) వేయాలి, యాంటీసెన్స్‌కైతే ఫార్వర్డ్, ఎంఆర్‌ఎన్‌ఏకైతే (జీన్ నుంచి వచ్చే మామూలు ఆర్‌ఎన్‌ఏ) రివర్స్. ర్యాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లు) వేస్తే ఏ పోగుదో తేలదు, చాలామంది వేసేస్తారు మరి! ఆర్‌టీ ఎంజైమ్‌ని వేడితో చంపాకే రెండో ప్రైమర్ కలిపి పీసీఆర్ (ఆ కాపీని ఎన్నో రెట్లు పెంచే పద్ధతి) పెట్టండి.

అసలు తంటా కంట్రోల్స్ దగ్గరే. ఆర్‌టీ ఎంజైమ్ లేని ట్యూబ్ ఒకటి, ఆర్‌టీలో ప్రైమర్ లేనిది ఇంకోటి పెట్టండి, మొదటిది క్లీన్‌గా ఉండి రెండోదాంట్లో బ్యాండ్ (జెల్‌పై కనిపించే డీఎన్‌ఏ గీత) వస్తే ఆర్‌ఎన్‌ఏ తనకు తానే ప్రైమర్ అయినట్టు, అప్పుడు ఆర్‌టీ ప్రైమర్‌కి వేరే సీక్వెన్స్ ట్యాగ్ తగిలించి పీసీఆర్‌లో ఆ ట్యాగ్‌నే పట్టుకోవాలి. బ్యాండ్ కనిపించగానే యాంటీసెన్సే పీ15ని అదుపు చేస్తోంది (రెగ్యులేషన్) అనేయకండి, యాంటీసెన్స్‌ని తగ్గించి పీ15 పెరుగుతుందా చూడండి.