విజిట్ వీసా మీద పనికి వెళ్లకండి
"ముందు విజిట్ వీసా మీద దుబాయ్ రండి, వచ్చాక వర్క్ వీసాకి మార్పిస్తాం" అని ఏజెంట్ అంటే దయచేసి ఒప్పుకోకండి. విజిట్ వీసాతో పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేని పరిస్థితి వస్తుంది.

డబ్బు కట్టకముందే ఆ ఏజెంట్‌కి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. పదో తరగతి పాస్ కాని వాళ్లది సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు. గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే వాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లే కుటుంబాలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

వీసా, ఒప్పంద పత్రం, బీమా కాపీలు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి.