ఆక్యుపంక్చర్‌కి మొదటిసారి వెళ్తున్నారా? సూది సరే, మూలికల పొట్లం సంగతి చూసుకోండి

ఆక్యుపంక్చర్ అంటే ఒంటి మీద కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం. మొదటిసారి దానికి వెళ్లిన రోజు నేను పొద్దున్నించి మంచినీళ్లు కూడా ముట్టలేదు. సూదులంటున్నారు కదా, రక్తపరీక్షకి వెళ్లినట్టు పరగడుపునే వెళ్లాలేమో అనుకున్నా. అప్పటికి కుడి భుజం పట్టేసి ఆరు నెలలు. చెయ్యెత్తి తల దువ్వుకోవడం కుదిరేది కాదు. వాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మెడ దగ్గరా భుజం మీదా నాలుగు సూదులు గుచ్చారు. ఐదు నిమిషాలు కాకుండానే కళ్లు బైర్లు కమ్మాయి, చల్లచెమటలు పట్టాయి, పక్కకి ఒరిగిపోయాను. సూదులు తీసేసి, పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నా.

తప్పు సగం నాది, సగం వాళ్లది. తిని రమ్మని వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్లని పడుకోబెట్టే గుచ్చాలి. మీరు మాత్రం రెండు గంటల ముందు రెండిడ్లీలో ఉప్మానో తిని వెళ్లండి. పెళ్లి భోజనం చేసి వెళ్లినా ఇబ్బందే. మోకాలి దాకా, మోచేతి దాకా పైకి మడుచుకోగలిగే వదులు బట్టలు వేసుకోండి.

ఇంకో పొరపాటు కూడా చేశాను. పద్ధతిగా నాలుక గీసుకుని మరీ వెళ్లాను. చైనా వైద్యంలో నాలుక చూడటం పెద్ద పని. దాని రంగు, అంచులు, మీద పేరుకున్న పొర, అన్నీ చూస్తారు. గీసేసుకుని వెళ్తే వాళ్లు చదవాల్సిన కాగితాన్ని మనమే తుడిచి ఇచ్చినట్టు. ఆ ఒక్కపూటకి టంగ్ క్లీనర్ పక్కన పెట్టండి. కాఫీ, కిళ్లీ కూడా వద్దు. తర్వాత మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి రెండు చేతుల నాడీ చూస్తారు. మన ఆయుర్వేదం వాళ్లు చూసినట్టే ఉంటుంది కానీ లెక్క వేరు. నాలుకనీ నాడినీ బట్టి మీకు కిడ్నీ బలహీనంగా ఉందంటే కంగారు పడకండి. వాళ్ల భాషలో కిడ్నీ అంటే మన డాక్టర్లు రక్తంలో క్రియాటినిన్ చూసి పనితీరు చెప్పే కిడ్నీ కాదు. అలాగే, బాగుందన్నారు కదా అని క్రియాటినిన్ పరీక్ష మానేయకండి.

సూది విషయానికొస్తే, అది ఇంజెక్షన్ సూదిలాంటిది కాదు. లోపల బోలుగా ఉండదు, మందం పావు మిల్లీమీటరు. గుచ్చేటప్పుడు చీమ కుట్టినంత నొప్పి. ఆ తర్వాత చుట్టూ బరువుగా, తిమ్మిరిగా, లాగినట్టు ఉంటుంది. దాన్ని వాళ్లు ‘ద చీ’ అంటారు, అలా రావాలనే చూస్తారు. కరెంటు షాక్ కొట్టినట్టు సర్రుమని వేళ్ల దాకా పాకితే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. నరానికి తగిలి ఉండొచ్చు. సూదులతో ఇరవై, ముప్ఫై నిమిషాలు కదలకుండా పడుకోవాలి కాబట్టి ముందే బాత్రూమ్‌కి వెళ్లి రండి.

సీలున్న ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి. కొన్ని చోట్ల ‘మీ సూదులు మీ పేరు రాసిన డబ్బాలో దాస్తాం, ప్రతిసారీ స్టెరిలైజ్ చేస్తాం’ అంటారు. వద్దనండి. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 1984లో ఒకే క్లినిక్‌లో సూదులు గుచ్చించుకున్న 35 మందికి రక్తం ద్వారా పాకే కాలేయ జబ్బు హెపటైటిస్ బి వచ్చింది. వాడి పారేసే సూది పెద్ద ఖరీదు కూడా కాదు. పనయ్యాక ఎన్ని గుచ్చారో ఎన్ని తీశారో లెక్కపెట్టమనండి. జుట్టులో ఒకటి మర్చిపోవడం మీరనుకున్నంత వింతేమీ కాదు.

అరుదుగానే జరిగినా తెలుసుకోవాల్సింది ఒకటుంది. భుజం పైభాగంలో, ఛాతీ మీద, వీపు మీద చర్మానికి కాస్త లోతులోనే ఊపిరితిత్తి ఉంటుంది. సూది లోతుగా దిగితే అందులోంచి గాలి బయటికొచ్చి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. అక్కడికక్కడే తెలియకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత మెట్లెక్కుతుంటే ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. గ్యాస్ అనుకుని పడుకోకండి. ఎమర్జెన్సీకి వెళ్లి, సూదులు గుచ్చించుకున్న మాట దాచకుండా చెప్పి ఎక్స్‌రే తీయించండి. బ్రిటన్‌లో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో 34,000 సిట్టింగులు లెక్కేస్తే ఒక్క తీవ్రమైన ప్రమాదమూ లేదు. కాకపోతే అక్కడ గుచ్చినవాళ్లంతా శిక్షణ పొందినవాళ్లు. మన దగ్గర బోర్డు మీద పేరు ముందు డాక్టర్ అని ఉంటే సరిపోదు. ఏం చదివారు, ఎక్కడ, ఎన్నేళ్లు అని అడగండి. కేంద్రం ఆక్యుపంక్చర్‌ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది 2019లో. అయినా వారాంతపు కోర్సు సర్టిఫికెట్లు గోడలకి వేలాడుతూనే ఉన్నాయి.

రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, కీమో నడుస్తున్నా ముందే చెప్పాలి. గుండెకి పేస్‌మేకర్ ఉంటే సూదుల్లోకి కరెంటు పంపే క్లిప్పులు పెట్టనివ్వొద్దు. గర్భం ఉందన్న అనుమానం ఉన్నా చెప్పండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చీలమండకి లోపలివైపు కాస్త పైన ఉండే పాయింట్లని, అంటే సూది గుచ్చే చోట్లని, గర్భిణులకి వాళ్లే వాడరు. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మోక్సా వద్దనాలి. మోక్సా అంటే ఒక ఆకు పొడిని చుట్టలా చుట్టి కాల్చి సెగ తగిలించడం. ఆ ఆకు ఇంకేదో కాదు, వినాయక చవితి పత్రిలో మొదట చదివే మాచిపత్రి, లేదా దాని దగ్గరి చుట్టం. స్పర్శ లేని కాలు కాలుతున్నా తెలియదు.

ఇంతకీ పనిచేస్తుందా? పాత నడుంనొప్పి, తరచూ వచ్చే తలనొప్పి, కీమో తర్వాత వికారం లాంటివాటికి ప్రయత్నించొచ్చు. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మంది మీద చేసిన పరీక్షలో మామూలు వైద్యంతో 27.4 శాతం మందికి మేలు జరిగింది, అసలు ఆక్యుపంక్చర్‌తో 47.6 శాతం మందికి. పాయింట్లు కాని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులతో 44.2 శాతం మందికి! దీన్నిబట్టి నాకు అర్థమైంది, ఎక్కడ గుచ్చారన్నదాని కంటే పడుకోబెట్టి, ఓపిగ్గా మాట్లాడి, ఏదో చేశారన్నదే పెద్ద మందని. అయినా నొప్పి తగ్గితే నేను కాదనను. ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. ఆరు సిట్టింగులకి ఏ మార్పూ లేకపోతే ఆపేయండి.

ఇక పొట్లం. సూదికి భయపడేవాళ్లు కూడా ‘మూలికలే కదా’ అని దీన్ని కళ్లకద్దుకుని మింగేస్తారు. నాకైతే భయమంతా ఇక్కడే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన మందు వాడిన ఆడవాళ్లలో వందమందికి పైగా కిడ్నీలు చెడిపోయాయి. ఒక మూలిక బదులు, పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసింది. రెండోది అరిస్టొలోకియా జాతిది. మన ఊళ్లలో పాముకాటుకని చెప్పుకునే ఈశ్వరి వేరు, గాడిదగడప కూడా ఆ జాతివే. ఎవరిచ్చినా లోపలికి తీసుకోకండి.

మిగతా పేర్లూ మనకి కొత్తవేం కాదు. చైనా పొట్లాల్లో తరచూ పడే ‘గన్ త్సావ్’ మన అతిమధురం. రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ‘ఫు త్సు’ వసనాభి కుటుంబంలోది, సరిగా ఉడికించి శుద్ధి చేయకపోతే గుండె లయ తప్పుతుంది. ‘జు షా’ అంటే ఇంగిలీకం, పాదరసం ఉన్న ఖనిజం. ‘డాన్ షెన్’, ‘డాంగ్ గ్వే’ అనే మూలికలు రక్తం పలచబడే మాత్ర వార్ఫరిన్‌తో కలిస్తే, రక్తస్రావం మొదలైతే తొందరగా ఆగదు. లేబుల్ లేని నల్ల మాత్రలతో రెండు రోజుల్లో నొప్పులన్నీ మాయమైతే సంతోషించే ముందు స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించండి. సింగపూర్ నుంచో బ్యాంకాక్ నుంచో చుట్టాలు తెచ్చిన డబ్బాలకీ ఇదే వర్తిస్తుంది. ఏం కలిపారో రాసివ్వమనండి, ఫొటో తీసి మీ డాక్టర్‌కి చూపించండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందు ఆపేసి, మత్తు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.

‘ఇంగ్లిష్ మందులన్నీ ఆపేస్తేనే ఇది పనిచేస్తుంది’ అన్నచోట చెప్పులేసుకుని బయటికొచ్చేయండి. మా పిన్ని ఆ మాట విని ఇన్సులిన్ మానేసింది. పదో రోజున ఐసీయూలో ఉంది.

నాకు రెండో సిట్టింగ్‌కే ఒక పొట్లం ఇచ్చారు. ఏముందని అడిగితే ‘అన్నీ మూలికలే సార్, ధైర్యంగా వేసుకోండి’ అన్నారు. పేర్లు రాసివ్వమంటే నవ్వేశారు. ఆ పొట్లం ఇంకా బీరువాలోనే ఉంది. చోటు మార్చి, ఇంకోచోట పడుకోబెట్టి గుచ్చే ఆవిడ దగ్గర ఎనిమిది సిట్టింగులు తీసుకున్నాను. భుజం కొంచెం కొంచెంగా పైకి లేచింది. పట్టేసిన భుజం చాలామందికి ఏడాదో రెండేళ్లకో దానంతటదే వదులుతుందని మా ఫిజియో అంటాడు. ఎవరి పుణ్యమో గానీ, తల నేనే దువ్వుకుంటున్నా.