విల్లు బద్దలు ఎండేటప్పుడు పగలకుండా

విల్లు కోసం కొట్టిన దుంగలు ఎండే క్రమంలో కొసల వద్ద నెర్రెలు విచ్చేవి. చెక్కలోని తేమ పక్కల కన్నా కోసిన కొసల గుండా చాలా వేగంగా పోతుంది కనుక, ముందుగా కుంచించుకుపోయేవి అవే. చెట్టు కొట్టిన రోజే రెండు కొసలకూ చెక్క జిగురు దట్టంగా పూసి, దుంగను రంపంతో కాక ఇనుప చీలలు దిగగొట్టి నార వెంబడే బద్దలుగా చీల్చి, గాలి ఆడే నీడలో ఆరబెట్టడం మొదలుపెట్టాక ఆ బెడద దాదాపు తీరింది. తేమ సుమారు 8 నుంచి 10 శాతానికి దిగాకే చెక్కుతాను.

ఓసేజ్ ఆరెంజ్ (విల్లులకు పేరొందిన ఒక అమెరికా చెట్టు) వంటి కలపలో వింటి వీపు, అంటే విలుకాడికి అవతల ఉండే వైపు, పొడవునా ఒకే వార్షిక వలయం (చెట్టు ఏడాదిలో పెరిగిన పొర) తెగకుండా సాగాలి. అది తెగిన చోటే, విల్లు వంచినప్పుడు, పోగు లేస్తుంది. ముడులున్న దుంగ ఎంత ముచ్చటగా ఉన్నా నేను తీసుకోను. చెట్టును పెంచే దశలోనే పక్క కొమ్మలను సన్నగా ఉండగా కత్తిరిస్తే ముడులు తక్కువైన మాను దొరుకుతుంది.