సీమ ఎండలో బ్లూగ్రాస్ మాండొలిన్: బ్రిడ్జి సర్దడం నుంచి చాప్ దాకా

మాండొలిన్ అనగానే మనకు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలినే గుర్తొస్తుంది. అమెరికా పల్లె సంగీతంలో ఒక బాణీ అయిన బ్లూగ్రాస్‌కు కావలసింది అది కాదు. ఆ బాణీకి పితామహుడనిపించుకున్న బిల్ మన్రో చేతిలో ఉండేది గిబ్సన్ కంపెనీ 1923లో చేసిన ఎఫ్-5 మాండొలిన్. కరెంటుతో పనిలేదు, పైచెక్క ఉబ్బెత్తుగా చెక్కి ఉంటుంది, దానికి రెండు పక్కలా ఎఫ్ ఆకారపు రంధ్రాలు, నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. అంత ఖరీదైనది అక్కర్లేదు గానీ ఎఫ్ రంధ్రాలున్నదే తీసుకోండి. నడుమ గుండ్రటి రంధ్రమున్నవాటిలో నాదం సాగుతూ పోతుంది. మనకు కావలసింది టక్కున ఆగే దెబ్బ, అదే చాప్.

కొత్త వాద్యం అపస్వరం పలికితే చాలామంది తమ వేళ్లనే తిట్టుకుంటారు. ముందు బ్రిడ్జిని, అంటే పైచెక్క మీద తీగలను ఎత్తి పట్టే చెక్క ముక్కను, అనుమానించాలి. దానికి జిగురుండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. పార్సిల్ కుదుపుకి రవ్వంత జరిగినా చాలు. అందుకే తీగలు మార్చేటప్పుడు ఎనిమిదీ ఒకేసారి విప్పకండి, జత తర్వాత జత మార్చండి. కొనేటప్పుడు కొసన ఉచ్చు ఉన్న తీగలు అడగండి. గిటార్ తీగల్లా కొసన గుండు ఉన్నవి చాలా మాండొలిన్లకు పట్టవు. మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 11, 15, 26, 40 ఉన్న సెట్ బ్లూగ్రాస్‌కు సరిపోతుంది.

శ్రుతి మందం తీగ నుంచి జి, డి, ఎ, ఇ. ప్రతి జతా దాని ముందు జతకు పంచమం కాబట్టి సా-పా పట్టే చెవి ఉన్నవాళ్లకు ఇది తేలిక. జతలో ఒక తీగను ట్యూనర్‌తో కలిపి, రెండోదాన్ని చెవితో దానికి కలపండి. శ్రుతి దాటిపోతే బాగా దించి, మళ్లీ కింది నుంచి ఎక్కించాలి. పైనుంచి దించి వదిలేస్తే కీలో మిగిలిన వదులు వల్ల కాసేపటికే జారుతుంది. తిప్పుతుంటే టిక్కుమని ఎగిరిందంటే మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ (నట్) గాడిలో తీగ ఇరుక్కుంటోందని అర్థం. గాడిలో పెన్సిల్ ములుకు రుద్దితే పోతుంది.

ఇప్పుడు బ్రిడ్జి. 12వ మెట్టు కమ్మీకి సరిగ్గా మీద తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటండి, గంటలాంటి స్వరం వస్తుంది. తర్వాత అదే మెట్టు నొక్కి మీటండి. నొక్కిన స్వరం ఆ గంటలాంటి స్వరం కంటే శ్రుతిలో ఎక్కువగా ఉంటే బ్రిడ్జిని తీగల కొక్కేల వైపు, తక్కువగా ఉంటే మెడ వైపు జరపాలి. ఒక్కోసారి అర మిల్లీమీటరు మించొద్దు. జరిపేముందు తీగలు కాస్త వదులు చేయండి. ఎత్తు కూడా చూసుకోండి: 12వ మెట్టు మీద తీగ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. బ్రిడ్జికున్న చిన్న చక్రాలు తిప్పితే ఎత్తు మారుతుంది, కానీ తీగలు బిగువుగా ఉండగా తిప్పితే మరలు అరిగిపోతాయి.

ఇదంతా డిసెంబరులో సర్ది పెట్టినా అనంతపురం, కడప ఎండలు ముదిరాక మళ్లీ చూడాల్సిందే. చెక్క ఎండి కుంచించుకుపోతుంది. పైచెక్క కాస్త దిగి తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. మెట్ల కమ్మీల కొసలు చేతికి గీసుకుంటాయి. ముదిరితే చెక్క పగులుతుంది. తేమ 45-55 శాతం ఉండాలి. రంధ్రాలు పొడిచిన సబ్బు పెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి, దాన్ని వాద్యం కేసులో ఉంచండి. నీళ్లు కారేంత తడి మాత్రం వద్దు. ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టడం ఇంకా చెడ్డది: రాత్రంతా తడిగాలి, పగలు పొడిగాలి, చెక్క ఏదో ఒకదానికి కుదురుకోదు. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే జిగురే మెత్తబడుతుంది.

ఇక చాప్. సంప్రదాయ బ్లూగ్రాస్‌లో డ్రమ్స్ ఉండవు, ఆ పని మాండొలిన్‌దే. త-క-ధి-మి అని లెక్కపెడితే త, ధి మీద బేస్ వాద్యం, క, మి మీద మీరు. జి కార్డుకు (కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు) మందం తీగ నుంచి 7, 5, 2, 3 మెట్లు: చిటికెన వేలు, ఉంగరం వేలు, చూపుడు వేలు, నడిమి వేలు. వేళ్లు ఇంత దూరం చాచడం మొదట్లో చాలామందికి కుదరదు. అదే ఆకారాన్ని 12, 10, 7, 8కి జరిపితే సి కార్డు. అక్కడ మెట్లు ఇరుగ్గా ఉంటాయి కాబట్టి అక్కడే మొదలుపెట్టి వారానికో మెట్టు కిందికి దిగండి.

తీగలు మీటే పిక్ 1.2-1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. నాలుగు జతల మీదా ఒక్క దెబ్బలో కిందికి వేసి, వెంటనే ఎడమచేతి ఒత్తిడి వదలండి. వేళ్లు మాత్రం తీగల మీదే ఉండాలి. పూర్తిగా ఎత్తేస్తే విడి తీగలు మోగి దెబ్బ పాడవుతుంది. కొత్తవాళ్ల చాప్ గోలగా వినిపించేది ఎక్కువగా ఇందుకే. టిక్ టిక్‌మని లయ చెప్పే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టి, టిక్ వినిపించిన చోటే మీ దెబ్బ పడేలా చూడండి. మధ్యలో ఖాళీగా ఉన్న త, ధి మీరే మనసులో అనుకోవాలి. మొదట్లో అందరూ తడబడేది అక్కడే.

నలుగురితో కలిసి వాయిస్తే, మీరు సోలో అందుకోగానే చాప్ ఆగిపోతుంది. ఆ కాసేపు క, మి ఎవరు కొట్టాలో పాట మొదలుకాకముందే గిటార్ అతనితో అనుకోండి.