ఆగస్టులో అమెరికా చదువుకు వెళ్తున్నారా? ముందు ఆ ఊరి వాతావరణం చూడండి

అమెరికా అంతా చలే అనుకుని 23 కిలోల పెట్టెను స్వెటర్లతో నింపకండి. డాలస్, హ్యూస్టన్‌లలో ఆగస్టు మన మే నెలలా మండుతుంది. హ్యూస్టన్‌లో విశాఖ ఉక్కపోత కూడా తోడు. ఫీనిక్స్ ఎడారి. 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి పొడిగా ఉండి చెమట వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టే తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం ఆగస్టులోనే జాకెట్ కావాలి: చల్లని సముద్రం మీంచి వచ్చే పొగమంచు వల్ల పగలు కూడా 20 డిగ్రీల దగ్గరే.

షికాగో, బఫెలోలలో అసలు చలి డిసెంబరు నుంచి. మైనస్ 15కి మన దుకాణాల్లోని మామూలు కోటు ఆగదు, అక్కడే అక్టోబరులో కొనుక్కోండి. ఇక్కడి నుంచి రెండు జతల థర్మల్స్ (ఒంటికి అతుక్కుని ఉండే వెచ్చని లోదుస్తులు), ఉన్ని సాక్సులు చాలు. లోపల నూలు బనియన్ వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, దాంతో చలి ఇంకా ఎక్కువ. హీటర్ గాలికి చర్మం పగులుతుంది కాబట్టి స్నానమయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే క్రీమ్ రాసుకోవాలి. ఒంటికి నూనె రాసుకునే అలవాటుంటే, కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, నువ్వులనూనె అలా కాదు.