పని మెరుగైంది, లెక్కలో మాత్రం కనిపించడం లేదు

సమస్య: పని తీరు మెరుగుపరిచాక ఇచ్చిన ‘ఆదా’ నివేదిక ఘనంగా ఉంది. ఖర్చుల పట్టిక మాత్రం కదలలేదు.

కారణం: మిగిలిన సమయాన్ని డబ్బుగా రాసేశారు. 20 మందికి రోజుకు అరగంట మిగిలితే 10 గంటలు. దాన్ని జీతంతో గుణించి ఆదా అంటారు. కానీ జీతాలు ఎప్పటిలాగే చెల్లిస్తున్నారు కదా!

పరిష్కారం: రెండు వరుసలు పెట్టండి. ఓవర్‌టైమ్, ముడిసరుకు వృథా వంటివి తగ్గితే అది చేతికొచ్చిన ఆదా. మిగిలిన గంటలు రెండో వరుసలోకి వెళ్లాలి. ఆ గంటల్లో ఏ పని చేశారో పక్కనే రాయాలి. ఈ రెండూ కలిపేస్తే ఆర్థిక విభాగం ఒకసారి పట్టుకుంటుంది, ఆ తర్వాత నిజమైన మెరుగుదలను కూడా నమ్మదు. కష్టపడి పని తీరు మార్చినవారికి అంతకన్నా అన్యాయం లేదు.

సమస్య: ఒక నెల ఫలితం బాగుంది, మరుసటి నెల మళ్లీ మొదటికొచ్చింది.

కారణం: చాలాసార్లు అసలు మార్పే జరగలేదు. ఏ పనిలోనైనా సహజమైన హెచ్చుతగ్గులు ఉంటాయి. పైగా మనం సాధారణంగా పరిస్థితి బాగా చెడినప్పుడే రంగంలోకి దిగుతాం. ఏమీ చేయకపోయినా ఆ అంకె కొంత సగటు వైపు వస్తుంది.

పరిష్కారం: 1924లో అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ రూపొందించిన నియంత్రణ పటం (సహజమైన హెచ్చుతగ్గుల హద్దులు చూపే గ్రాఫ్) ఇందుకే. మార్పుకు ముందు 20 వారాల అంకెలు తీసుకోండి. దరఖాస్తు పరిష్కారానికి సగటున 12 రోజులు పడుతోందనుకుందాం. ఒక వారానికీ మరుసటి వారానికీ మధ్య తేడాల సగటు 1.5 రోజులు. దాన్ని ఈ పటానికి వాడే స్థిర సంఖ్య 2.66తో గుణిస్తే దాదాపు 4. సగటుకు అటూ ఇటూ అదే హద్దు. అంటే 8 నుంచి 16 రోజుల మధ్య ఏ వారం ఎంత వచ్చినా అది పాత పద్ధతి ఆటుపోట్లే. ఒక వారం 10 రోజులు వచ్చిందని అభినందన సభ పెట్టకండి. 8 కన్నా తగ్గినా, వరుసగా ఎనిమిది వారాలు 12 కన్నా తక్కువే నమోదైనా పని తీరు మారిందని ధైర్యంగా చెప్పవచ్చు.

సమస్య: ప్రతి విభాగమూ 95 శాతం సరిగ్గా చేస్తున్నామంటోంది. ఫిర్యాదులు తగ్గడం లేదు.

కారణం: ఎవరి ముక్క వారే కొలుచుకున్నారు. ఐదు దశల్లోనూ 95 శాతమే అయితే, ఎక్కడా వెనక్కి రాకుండా చివరిదాకా వెళ్లే ఫైళ్లు వందకు 77 మాత్రమే.

పరిష్కారం: ఒక ఫైలు వెంట మొదటినుంచి చివరిదాకా నడవండి. ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో లెక్కపెట్టండి.

సమస్య: పోల్చడానికి పాత అంకెలు లేవు.

పరిష్కారం: ఎవరినీ జ్ఞాపకం మీద అడగవద్దు. రిజిస్టర్లలో, ఈమెయిళ్లలో, కంప్యూటర్ నమోదుల్లో తేదీలు ఉంటాయి, వాటి నుంచి తీయండి. మార్పు ఇంకా చేరని శాఖ ఏదైనా ఉంటే, అక్కడ కొలవడం ఈరోజే మొదలుపెట్టండి.