శక్తి అయిపోయినప్పుడు దేవుని మీద ఆనుకోవడం ఎలా?

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో అమ్మనో నాన్ననో వైద్యానికి చెన్నై తీసుకొచ్చి, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో వారాల తరబడి ఉండిపోయే తెలుగువాళ్లు ఎందరో. రోగిని చూసుకోవడానికి డాక్టర్లున్నారు. తోడుగా వచ్చినవారికి మాత్రం నిద్ర ఉండదు, చేతిలో డబ్బు నిలవదు, ప్రార్థన చేద్దామన్నా నోట మాట రాదు. ఆ స్థితిలో ఉన్న క్రైస్తవ విశ్వాసుల కోసం ఇది రాస్తున్నాను.

1. ముందు తిని, పడుకోండి

దీన్ని మొదట పెట్టడానికి కారణం బైబిల్లోని ఏలీయా ప్రవక్త. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఆయన యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోతాడు. బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకుంటాడు. దేవుడు మందలించలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ముందున్నది నీ శక్తికి మించిన ప్రయాణం, లేచి తిను అన్నాడు. ఆ భోజనపు బలంతోనే ఆయన నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాడు. అక్కడ దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే.

ఆస్పత్రి మెట్ల మీద ఖాళీ కడుపుతో కూర్చుని, ఉపవాసముంటేనే దేవుడు వింటాడనుకునేవారిని చూస్తే నాకు ఈ అధ్యాయం చదివి వినిపించాలనిపిస్తుంది. ఉపవాసానికి వేరే రోజులున్నాయి. ఇప్పుడు ఇడ్లీ తినండి.

2. ఉన్నది ఉన్నట్టు చెప్పండి

"ప్రభువా, బలమివ్వు" అని ఆగిపోకండి. రేపు స్కాన్ రిపోర్టు వినాలంటే భయంగా ఉందని, పొద్దున నాన్న మీద విసుక్కున్నానని, అప్పు ఎవరిని అడగాలో తోచడం లేదని చెప్పండి. దేవుని మీదే కోపం ఉంటే అదీ చెప్పండి. 13వ కీర్తనలో దావీదు ఇంకా ఎంతకాలమని పదేపదే నిలదీస్తాడు. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. యేసు తిరిగి లేచాడంటే, గాయాలు చూస్తే గాని నమ్మనన్న శిష్యుడు తోమాకు ఆయన ఆ గాయాలే చూపించాడు. ఆ తోమా సమాధి మీద కట్టారని చెప్పుకునే శాంథోమ్ చర్చి ఈ ఊళ్లోనే, సముద్రం దగ్గరే ఉంది. వీలైతే ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి.

3. అడగండి, జవాబును ఆయనకు వదిలేయండి

అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు (వదలని ఒక బాధ) తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న మాట వచ్చింది. ముల్లు ఉండగానే సేవ కొనసాగించే బలమూ వచ్చింది. కాబట్టి విశ్వాసముంటే స్వస్థత ఖాయమని, మందులు ఆపేయమని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి. అది సువార్త కాదు.

4. ఈ రోజుకు సరిపడా అడగండి

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం మన్నా. దాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. దాచుకున్నది తెల్లారేసరికి పురుగుపట్టింది. వచ్చే నెల బిల్లు గురించి ఈ రాత్రి లెక్కలు వేయకండి.

5. చేతులు పట్టుకోనివ్వండి

అమాలేకీయులతో యుద్ధం జరుగుతున్నప్పుడు తన ప్రజల గెలుపు కోసం పైకెత్తిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోవైపు నిలిచి సూర్యుడు అస్తమించేదాకా ఎత్తిపట్టారు. మోషే వద్దనలేదు. చెన్నైలో తెలుగు ఆరాధన జరిగే సంఘాలున్నాయి. ఆదివారం వెళ్లి పాస్టరుగారితో మాట్లాడండి. "ప్రార్థించండి" అనడంతో పాటు "మంగళవారం రెండు గంటలు అమ్మ దగ్గర కూర్చోగలరా?" అని కూడా అడగండి. పని స్పష్టంగా చెబితే మనుషులు వస్తారు.

ఏలీయాలా చచ్చిపోతే బాగుండనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి. పక్కనున్నవారికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత టెలీ మానస్ సేవ. ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.